మేడ మీద నేర్పిన వృత్తాలు

మార్చి వస్తే మా ఊళ్ళో విశ్వాసుల ఇళ్ళ మీద రెండు బరువులు ఒకేసారి పడతాయి. ఒకటి ఈస్టరుకు ముందు నలభై రోజులూ జరిగే శ్రమ దినాల ప్రార్థన కూడికలు, రెండోది ఇంటర్ పరీక్షలు. సాయంత్రం పూట రోజుకొక ఇంట్లో కూడిక పెడతారు. చాపలు పరుస్తారు, పాటలు పాడతారు. మా పాస్టరుగారు, మేమందరం అయ్యగారు అని పిలిచే ఆయన, వాక్యం చెప్పి ముగించాక ఇంటివాళ్ళు టీ ఇస్తారు. ఆ ఇంట్లో పరీక్ష రాసే పిల్ల ఉంటే ఆ సాయంత్రం పుస్తకాలు మంచం కిందికి పోవాల్సిందే. పరీక్ష బాగా రాయాలని ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి అందరూ ప్రార్థన చేస్తారు. చదువుకోవడానికి మాత్రం వదలరు.

నేను వెటకారానికి రాయడం లేదు. ఆ చాపల మీదే పెరిగాను. బళ్ళో అక్షరాలు దిద్దకముందే సండేస్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పాను. ఈ రోజుకీ మోకాళ్ళ మీద నిలబడకుండా నా పగలు మొదలవదు. నా లోపల ఉన్న చేదు దేవుడి మీద కాదు. ఆయనకు నాకు మధ్య ఏ తగాదా లేదు. తగాదా ఉన్నది చాపల మీద కూర్చున్నవాళ్ళతో.

నేను ఇంటర్ రెండో సంవత్సరం చదివింది గజపతినగరంలో. తెలుగు మీడియం, ఎంపీసీ. మా నాన్న ఊరికీ గజపతినగరానికీ మధ్య ఆటో నడిపేవాడు. పొద్దున్న ట్రిప్పులో నన్ను కాలేజీ దగ్గర దింపేసి పోయేవాడు. నాకు లెక్కలంటే ఇష్టం అనడం చిన్నమాట. తరగతిలో మాస్టారు బోర్డు మీద ఒక లెక్క మొదలుపెడితే, అది ఎక్కడ తిరిగి ఎక్కడ తేలుతుందో నాకు ముందే కనబడేది. విజయనగరంలో లెక్కలతో డిగ్రీ చదవాలి, తరవాత పీజీ చేయాలి, ఒక జూనియర్ కాలేజీలో బోర్డు ముందు నిలబడాలి. అంతకుమించి నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

నాన్న మాత్రం అవుననలేదు, కాదనలేదు. "మార్కులు రానీ. అయ్యగార్ని అడిగి సెప్తాను" అన్నాడు.

నాన్న ఏ సంగతైనా అయ్యగారిని అడిగే చేసేవాడు. దానికి కారణం ఉంది. నా చిన్నప్పుడు నాన్న తాగి ఆటోలోనే పడుకునేవాడు. అయ్యగారు ఆ ఆటో దగ్గరికే వచ్చి, పక్క సీట్లో కూర్చుని, ప్రార్థన చేసి చేసి ఆయన్ని మనిషిని చేశారు. అది నేను కళ్ళారా చూశాను. అందుకని అయ్యగారి మాట మా ఇంట్లో చట్టం. అది తప్పని అప్పుడు అనలేదు, ఇప్పుడూ సగమే అనగలను.

ప్రాక్టికల్స్ అయిపోయిన వారంలో మా చర్చి సంఘ పెద్దగారి భార్య మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను పిన్నీ అనేదాన్ని. పెద్దగారికి సిమెంటు కొట్టు, రెండంతస్తుల ఇల్లు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దకూతురు నా తరగతే. మంచి పిల్ల, నవ్వు ముఖం. లెక్కలంటే మాత్రం జ్వరం వచ్చినట్టు ముడుచుకుపోయేది.

"మా గుంటకి బుర్ర నేక కాదు బావా, లెక్కల దగ్గరే బయపడతన్నాది" అంది పిన్ని నాన్నతో. "నీ కూతుర్ని మా మేడ మీదకి పంపు. ఇద్దరూ కలిసి సదూతారు. ఫ్యానుంది, గోల నేదు."

"అదెంత మాటమ్మా. దీనికీ సదువుకోడానికి సోటు నేదు మరి" అన్నాడు నాన్న. పెద్దగారింట్లోంచి మనిషి వచ్చి అడగడం ఆయనకు పండగలా ఉంది.

నిజమే, అమ్మా నాన్నా నేనూ ఉండే మా ఇల్లు ఒకే గది, పైన రేకులు. మధ్యాహ్నం పుస్తకం మీద చెమట కారేది. నేనూ సంతోషంగానే వెళ్ళాను.

మేడ మీద గదిలో మొదటి రోజే నాకు ఆ పిల్ల జబ్బు ఏమిటో తెలిసింది. అది మా సంఘం పిల్లలందరికీ ఉన్న జబ్బే. మేము కంఠతా పెట్టడంలో పుట్టి పెరిగినవాళ్ళం. క్రిస్మస్‌కి ఎవరు ఎక్కువ వాక్యాలు తప్పు లేకుండా చెబితే వాళ్ళకు స్టీలు గిన్నె. ఆ పోటీలో ఏటా ఆమె మొదటిది, నేను రెండోదాన్ని. ఆమె లెక్కల్నీ అలాగే పట్టింది. నాలుగు బిందువులు ఇచ్చి, అవి ఒకే వృత్తం మీద ఉన్నాయని చూపమనే ఏడు మార్కుల లెక్క ఒకటుంది. కళ్ళు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా అప్పజెప్పేసింది.

"కళ్ళు మూసుకుని సెప్తావేటే?" అన్నాను.

"తెరిస్తే మర్సిపోతాను."

నేను ఒక బిందువు మార్చి కాగితం ఆమె ముందు పెట్టాను. పుస్తకం తీసి దాంతో పోల్చి చూసింది.

"ఓలమ్మో, ఇది పుస్తకంలో నేదే!"

"పరీక్షలో ఇదే ఇస్తే?"

"ఎందుకిస్తారే? ఆలకి మాత్రం పుస్తకం నేదా?"

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆ పిల్ల మీద నాకు పూర్తిగా కోపం రాదు.

కింద నుంచి చింతపిక్కలు తెచ్చాను. రెండు పిక్కలు నేల మీద పెట్టి, వాటిని ఆనుకునేలా నా గాజొకటి, ఆమె గాజొకటి, వాళ్ళమ్మ పెద్ద గాజొకటి పెట్టి చూపించాను. రెండు పిక్కలే ఉంటే ఎన్ని గాజులైనా పడతాయి. మూడో పిక్క పెట్టేసరికి ఒక్క గాజే సరిపోతుంది. "అందుకే మూడు బిందువులతో వృత్తం కట్టేస్తాం. నాలుగోది ఆ గాజు మీద ఉందో లేదో సూస్తాం, అంతే" అన్నాను. ఆమె నాలుగో పిక్కని తనే తీసుకుని గాజు అంచున పెట్టింది. తరవాత నా మొహంలోకి చూసింది. ఆ చూపు కోసమే నేను పంతులమ్మని కావాలనుకున్నాను.

కాని ఒక పిల్లకు చెప్పడం వేరు, తను సాధన చేసుకోవడం వేరు. ఆమెకు సంకీర్ణ సంఖ్యలు మొదటి నుంచి కావాలి. ద్విపద సిద్ధాంతం మొదటి నుంచి కావాలి. ప్రస్తారాలు ఎప్పుడు, సంయోగాలు ఎప్పుడు అన్నది ఎన్నిసార్లు చెప్పినా తిరగేసేది. నాకు వచ్చినవే మళ్ళీ మళ్ళీ చెప్పడంలో రోజులు పోయాయి. నాకు గట్టిపడాల్సింది సమాకలనం, ఇంగ్లీషు మీడియంవాళ్ళ ఇంటిగ్రేషన్. అది చూస్తే అర్థమయ్యేది కాదు, చేతితో చేసి చేసి వేళ్ళకు పట్టాలి. ఎక్కడ ప్రతిక్షేపించాలో, ఎక్కడ విడగొట్టాలో చెయ్యికి తెలియాలి. దాన్ని రేపటికి, ఎల్లుండికి నెట్టుకుంటూ వచ్చాను.

సాయంత్రాలు పోనీ నావి అనుకుందామంటే కూడికలు. పాటలు ఎత్తుకునేది నేను, వాక్యభాగం చదివేది నేను. ఒకరోజు నాన్నతో అన్నాను, "పెద్దగారమ్మాయి పది రోజులై కూడికకి రావట్నేదు నాన్నా. నన్నూ వదిలీ."

"ఆలు పెద్దింటోలు. ఆలమ్మాయి రాపోతే సదువుకుంటన్నాది అంటారు. నువ్వు రాపోతే నా బతుకు మళ్ళీ ఎనక్కెళ్ళిందంటారు."

 ఆయన చెప్పింది నిజం. నేను పాటలు ఎత్తుకుంటున్న ఇంటి కిటికీలోంచి ఆ మేడ మీద లైటు కనిపించేది. నేను మధ్యాహ్నం చెప్పిన లెక్కల్ని ఆ పిల్ల ఆ వెలుతురులో మళ్ళీ చేసుకునేది.

లెక్కల రెండు పేపర్లలో మొదటిది, 2ఏ, ఇద్దరం బాగా రాశాం. దానికీ, వృత్తాలూ సమాకలనమూ ఉండే 2బికీ మధ్యలో దొరికిన వ్యవధిలో నేను సమాకలనం చేసుకోవాలని గట్టిగా అనుకున్నాను. ఆ ఉదయం మేడ మెట్లు ఎక్కేసరికి ఆమె గోడకి ఆనుకుని ఏడుస్తోంది. వృత్తాలు వచ్చాయి, పరావలయం రావట్లేదు. పిన్ని పక్కనే నిలబడి, "నువ్వే దిక్కమ్మా దీనికి. ఇది తప్పితే మీ సిన్నాన్న మొకం ఎక్కడెట్టుకుంటాడు?" అంది. నేను నా పుస్తకం మూసి ఆమె పుస్తకం తెరిచాను. నాభి, నియతరేఖ, వాటి మధ్య వంగే గీత. అది అయ్యాక దీర్ఘవృత్తం. సమాకలనం ఆ రోజూ అలాగే మిగిలిపోయింది.

పరీక్షలో నాలుగు బిందువుల లెక్క వచ్చింది, పుస్తకంలో లేని బిందువులతో. పరావలయమూ వచ్చింది. అవి రెండూ కళ్ళు మూసుకుని రాశాను. సమాకలనం దగ్గర చెయ్యి ఆగింది. దారి తెలుసు. ఎక్కడికి పోవాలో కనిపిస్తోంది. నడక మాత్రం రాలేదు. ఒక గుర్తు తప్పు వేశాను, వెనక్కి వెళ్ళి వెతికాను, కొట్టేశాను, మళ్ళీ మొదలుపెట్టాను. అవకలన సమీకరణం ముట్టుకోకముందే బెల్లు కొట్టారు.

గేటు బయట ఆమె నన్ను కౌగిలించుకుని గిరగిరా తిప్పేసింది. "నువ్వు సెప్పిన గాజు లెక్కే పడ్డాదే! బిందువులు మార్చినా సేసీసేను!" అంది. నాకూ సంతోషమే వేసింది. 

ఫలితాలు వచ్చినప్పుడు 2బిలో ఆమెకు నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ. నేను ఫెయిల్ కాలేదు. ఫెయిలైతే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. చెప్పుకోవడానికి లేని, దాచుకోవడానికీ లేని మార్కులు నావి.

మే నెలలో పెద్దగారు కృతజ్ఞతా కూడిక పెట్టారు. వీధిలో షామియానా, కుర్చీలు, కోడి బిర్యానీ. నేను పొద్దున్నే వెళ్ళి ఆడవాళ్ళతో ఉల్లిపాయలు కోశాను. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యానికి వాళ్ళ పెద్దమ్మాయిని పిలిచారు.

సాక్ష్యం చెప్పేటప్పుడు మావాళ్ళ భాష మారిపోతుంది. సెప్పు, సూడు, ఏటి అన్నీ మాయమై, ఎక్కడో ముద్రణాలయంలోంచి వచ్చినట్టు మాట్లాడతారు. ఆమె కూడా మైకు పట్టుకుని అలాగే మొదలుపెట్టింది. "నాకు ట్యూషను లేదు. నాకు బోధించుటకు ఏ గురువూ లేడు. లెక్కలనగా నేను వణికేదానను. అయితే ప్రభువు తానే నా ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క లెక్క నాకు నేర్పించాడు. పుస్తకములో లేని లెక్కను సైతం ఆయనే నా చేత చేయించాడు. సమస్త మహిమ ఆయనకే."

"ఆమేన్" అన్నారు అందరూ. నేనూ అన్నాను. నోటికి అలవాటు. అన్న తరవాత అర్థమైంది, దేనికి ఆమేనన్నానో.

అంతటితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు. అయ్యగారు వాక్యం చెప్పడానికి లేచారు. ఆయనకు చేతికందిన ఉదాహరణ వదలడం రాదు.

"ఒకే గది, ఒకే ఫ్యాను, ఒకే పుస్తకాలు" అన్నారు. "ఇద్దరు బిడ్డలు చదివారు. ఒక బిడ్డకి తెలివి లేదు, అందుకని దేవుడి మీద ఆనుకుంది. ఇంకో బిడ్డకి తెలివుంది, ఆ తెలివి మీద ఆనుకుంది. ఎవరు నిలబడ్డారో మీరే చూశారు."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముంది? కుర్చీలన్నీ నా వైపు కొంచెం కొంచెం తిరిగాయి. మగవాళ్ళ వరుసలో నాన్న తల మోకాళ్ళ మీదికి వంగిపోయింది. ఆ వంగిన మెడ చూశాక నాకు బిర్యానీ వాసన కూడా పడలేదు.

ఇంటికి వెళ్ళేదారిలో ఆటో ఆపి నాన్న వెనక్కి తిరిగాడు.

"నిజం సెప్పు. పరీక్షకి ముందు ప్రార్థన సేసేవా?"

"సేసేను నాన్నా. ఆ గుంటకి లెక్కలు సెప్పింది నేను. ఆలమ్మకీ తెలుసు."

"సేసిన మేలు సెప్పుకుంటే ఫలం పోతాదమ్మా."

"నేను సెప్పుకోడం నేదు. ఆలు ఎందుకు సెప్పనేదని అడుగుతన్నాను."

ఆయన ఆటో తీశాడు.

మర్నాడు ఆ పిల్లనే అడిగాను. ఆమె తప్పించుకోలేదు, నా చెయ్యి పట్టుకుంది. "నీ పేరు రాసుకున్నానే. అమ్మ కొట్టించీసింది. మనిషి పేరు సెప్తే మహిమ మనిషికి ఎల్లిపోతాదంట. నన్నేటి సెయ్యమంటావు?"

దీని మీద నేను చాలా ఆలోచించాను. వాక్యం తెలిసినదాన్ని కాబట్టి వాక్యంలోనే వెతికాను. బైబిల్లో సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు చివర్లో తనతో కష్టపడ్డవాళ్ళ పేర్లు వరసగా చెబుతాడు. అందులో ఆడవాళ్ళ పేర్లు ఎన్నో. తను చెబుతుంటే రాసిపెట్టినవాడికి కూడా అక్కడ చోటిచ్చాడు. దాంతో దేవుడి మహిమ ఏమీ తరిగిపోలేదు. దేవుడు ఆ మేడ మీదికి వచ్చాడన్నది నేనూ నమ్ముతాను. ఆ చింతపిక్కలు ఎవరు తెచ్చారో ఆయన మరిచిపోయేవాడు కాడనీ నమ్ముతాను. మా సంఘంలో మాత్రం పేరు చెప్పకపోవడం అందరికీ ఒకేలా పనిచేయదు. షామియానా వేయించిన పెద్దగారికి ఆ రోజు ముగింపు ప్రార్థనలో పేరుపెట్టి వందనాలు చెప్పారు. వంటవాడికీ చెప్పారు. అప్పుడు మహిమ ఎటూ వెళ్ళిపోలేదు.

మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ పరీక్ష రాయొచ్చు. రాస్తానని నాన్నను అడిగాను. నాన్న అయ్యగారిని అడిగాడు. "ఉన్నదానితో తృప్తి పడడం నేర్పించు. ఆ పిల్లకి కావాల్సింది మార్కులు కాదు, తగ్గింపు మనసు. నర్సింగులో వెయ్యి, సేవ అలవాటవుతుంది" అన్నారు ఆయన. శ్రీకాకుళంలో నర్సింగ్ స్కూలు ఆయనే చూపించారు. ఆయన కీడు తలపెట్టలేదు. తాగుబోతుని మనిషిని చేసిన చేత్తోనే నా దరఖాస్తు రాశారు. అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది. చెడ్డవాడైతే తిట్టుకుని వదిలేసేదాన్ని.

పెద్దగారమ్మాయి విజయనగరంలో డిగ్రీలో చేరింది. లెక్కలే తీసుకుంది.

నేను శ్రీకాకుళం వెళ్ళడానికి కొద్ది రోజుల ముందు పిన్ని మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చింది. ఈసారి రెండో కూతురి కోసం.

"మా సిన్నది కూడా ఎంపీసీయే తీసుకుందే. నువ్వెల్లేలోగా రోజూ ఓ గంట మేడ మీదకి రా. మొదలు బాగా పడితే తరవాత అదే సూసుకుంటాది."

నాన్న ఆటో తుడుస్తున్నాడు. నేను మామూలుగానే అన్నాను, "నేనెందుకు పిన్నీ? పెద్దదానికి పక్కన కూకుని నేర్పినాయన దీనికీ నేర్పుతాడు కదా."

ఆ మాట ఆమెకు తగులుతుందని, మొహం మాడుతుందని, కనీసం కళ్ళు దించుకుంటుందని అనుకున్నాను. ఆమె నిండుగా నవ్వింది.

"నేర్పడేటి మరి! ఆయన ఎలాగూ ఉన్నాడు. అయినా నువ్వొకపాలి సూపించీవే. రేపట్నుంచి వస్తావు కదూ?"

నేనన్నదాన్ని సమాధానంగా కూడా తీసుకోకుండా, చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నాన్న తడిగుడ్డ పిండుతూ నా దగ్గరికి వచ్చాడు. తప్పు మాటన్నావని కోప్పడతాడనుకున్నాను. వీధి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, చాలా నెమ్మదిగా అన్నాడు.

"నాకు తెలుసమ్మా. ఆ గుంటకి సెప్పింది నువ్వే."

"ఈ మాట ఆ రోజు అక్కడనాల్సింది నాన్నా."

నాన్న మళ్ళీ వెళ్ళి ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు, అప్పటికే తుడిచిన అద్దాన్ని. నేను లోపలికి వెళ్ళాను. దర్జీ దగ్గర్నుంచి వచ్చిన తెల్ల యూనిఫాం రెండు జతలు మంచం మీద ఉన్నాయి. కొలత సరిపోయిందో లేదో వేసుకుని చూడమని అమ్మ అప్పటికి రెండుసార్లు పిలిచింది. వేసుకున్నాను. సరిపోయింది.